పాడుబడిన పొలంలో పశువులకు నీటి వసతి: ఏది ముందు, ఏది తర్వాత

రాయలసీమలోనూ దక్షిణ తెలంగాణలోనూ ఏళ్ల తరబడి దున్నక బీడుపడిన పొలాలు ఊరూరా కనిపిస్తాయి. బోరు ఎండిపోయి కొందరు, బెంగళూరుకో హైదరాబాదుకో వలస వెళ్లి కొందరు, అన్నదమ్ముల పంపకాలు తేలక మరికొందరు ఆ భూములను వదిలేశారు. ఇప్పుడు వాటిని తిరిగి వాడుకలోకి తేదలచినవారికి పంట కన్నా పశువుల పెంపకం తేలికైన మార్గంగా తోస్తుంది. బీడులో గడ్డి మొలిచి ఉంటుంది, చెట్ల నీడ ఉంటుంది, పాత కొట్టం ఒకటి నిలిచి ఉంటుంది. లేనిది నమ్మదగిన నీరు.

నీటి వసతి అనగానే తొట్టి కట్టించడం, ట్యాంకు కొనడం గుర్తుకొస్తాయి. నిజానికి అవి చివరి పనులు. పొలంలో పొంచి ఉన్న ప్రమాదాలను తొలగించడం, ఉన్న నీరు ఎంతో కొలవడం, అది తాగదగినదో కాదో పరీక్షించడం అంతకు ముందు జరగాలి. ఈ వరుస తప్పితే ఖర్చు వృథా కావడమే కాదు, పశువుల ప్రాణాలకూ, ఒక్కోసారి మనుషుల ప్రాణాలకూ ముప్పు వస్తుంది.

నీరు తగ్గితే జరిగేదేమిటి

ఆవు పాలలో సుమారు 87 శాతం నీరే. గేదె పాలలో వెన్న ఎక్కువ కాబట్టి నీటి వాటా కొంత తక్కువ, అయినా 80 శాతానికి పైమాటే. అందుకే తాగే నీరు తగ్గిన రోజునే పాల దిగుబడిపై దాని ప్రభావం కనిపించడం మొదలవుతుంది. నీరు చాలని పశువు మేత కూడా తగ్గిస్తుంది. మేసిన ఎండుమేత అరగడానికీ, ఒంటి వేడిని అదుపులో ఉంచడానికీ నీరే ఆధారం.

పేడ గట్టిపడి ఉండలు కట్టడం, కళ్లు లోపలికి పోవడం, మెడ మీది చర్మాన్ని పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోవడం, మూతి ఆరిపోవడం నీటి కొరతకు గుర్తులు. గేదెల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వాటి నల్లని చర్మం ఎండను ఎక్కువగా గ్రహిస్తుంది, చెమట గ్రంథులు ఆవుల కన్నా తక్కువ. అందుకే అవి నీళ్లలో పడుకోవడానికి అంతగా ఆరాటపడతాయి.

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో, ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో ఉన్నాయి. తెలంగాణలో సుమారు 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.76 కోట్లు ఉన్నట్లు తేలింది. దేశంలోని మొత్తం గొర్రెలు దాదాపు 7.43 కోట్లు కాగా, వాటిలో సగానికి కొంచెం తక్కువ మెట్ట భూములు ఎక్కువగా ఉన్న ఈ రెండు రాష్ట్రాల్లోనే ఉన్నాయి.

తరతరాలుగా ఉన్న ఏర్పాటు

పశువుకు నీటి వసతి కల్పించడం ఈ నేలకు కొత్త కాదు. కర్నూలు జిల్లా జొన్నగిరి సమీపంలోని ఎర్రగుడిలో అశోకుడి శిలాశాసనాలు ఉన్నాయి. మనుషుల కోసమూ పశువుల కోసమూ దారుల వెంట బావులు తవ్వించి, చెట్లు నాటించినట్లు అశోకుడి రెండో ప్రధాన శిలాశాసనం చెబుతోంది. ఎడ్లతో కపిల తోలి నీరు తోడిన కాలంలో బావి గట్టునే రాతి తొట్టి ఉండేది. తోడిన నీటిలో తొలి వాటా ఆ ఎడ్లదే. కడప బండలను నిలువుగా పాతి, సందులను సున్నంతోనో సిమెంటుతోనో పూడ్చి కట్టిన తొట్లు రాయలసీమ పల్లెల్లో నేటికీ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో ఉపాధి హామీ పథకం కింద పశువుల నీటి తొట్లు నిర్మించారు.

పాడుబడిన పొలంలో ఇటువంటి పాత తొట్టి దొరికితే దానిని పగలగొట్టాల్సిన అవసరం లేదు. పూడిక తీసి, నీటితో నింపి, ఒక రాత్రి ఉంచి చూడాలి. నీటి మట్టం రెండు మూడు అంగుళాలకు మించి తగ్గితే పగుళ్లు ఉన్నట్లు. వాటిని వెడల్పు చేసి, శుభ్రపరచి, సిమెంటు పూత వేస్తే చాలావరకు తిరిగి పనికొస్తుంది.

మొదటి పని: పొలమంతా నడిచి చూడడం

ఏళ్లుగా వదిలేసిన పొలంలో సర్కారు తుమ్మ, వయ్యారిభామ కమ్ముకుని ఉంటాయి. కంప కింద ఏముందో పైకి కనిపించదు. పశువులను తోలే ముందు కంప కొట్టించి, నేలంతా కళ్లారా చూడాలి. ముఖ్యంగా వెతకవలసినవి నాలుగు.

మొదటిది, మూత లేని బోరు గొయ్యి. రెండోది, గోడలు కూలిన దిగుడు బావి. మూడోది, పాత మోటారు గదిలోనూ దాని చుట్టూనూ మిగిలిన విద్యుత్తు తీగలు, స్టార్టర్ పెట్టెలు. నాలుగోది, పురుగుమందుల డబ్బాలు, పాత బ్యాటరీలు, తుప్పుపట్టిన మేకులు, కంచె తీగల ముక్కలు.

బ్యాటరీలోని సీసం పశువులకు విషం. అవి దానిని నాకే అవకాశం ఎక్కువ. మేకులు, తీగ ముక్కలు మేతతో పాటు కడుపులోకి పోయి, పొట్ట గోడను చీల్చి, గుండె వరకు చేరి ప్రాణం తీయగలవు. పురుగుమందు డబ్బాలు పడేసిన చోటి నుంచి వాననీరు బావిలోకి పారుతోందా అన్నది కూడా చూడాలి. ఈ పరిశీలనకు ఒకటి రెండు రోజులు పట్టినా, తర్వాతి పనులన్నీ దాని మీదే ఆధారపడతాయి.

పాత బావి, వదిలేసిన బోరు

పూడిక తీయడానికి పాత బావిలోకి దిగినవారు ఊపిరాడక మరణించిన సంఘటనలు ఏటా వేసవిలో వార్తల్లోకి వస్తుంటాయి. చెత్త, ఆకులు కుళ్లిన బావి అడుగున బొగ్గుపులుసు వాయువు, హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి వాయువులు పేరుకుంటాయి. ప్రాణవాయువు తగ్గిపోతుంది. దిగిన మనిషి కేక వేసే లోపే స్పృహ కోల్పోతాడు. అతన్ని కాపాడబోయి వెంటనే దిగిన రెండో మనిషి, మూడో మనిషి కూడా అక్కడే కూలిపోవడం ఈ ప్రమాదాల్లో పదేపదే జరుగుతున్న విషాదం.

దీపం వెలిగించి బావిలోకి దించి చూడడం పాత పద్ధతి. దీపం ఆరిపోతే ప్రాణవాయువు లేదని తెలుస్తుంది. అయితే దీపం వెలుగుతోంది కాబట్టి ప్రమాదం లేదని అనుకోకూడదు. విషవాయువులు ఉన్నా దీపం వెలగవచ్చు. వీలైనంతవరకు మనిషి దిగకుండా యంత్రంతోనే పూడిక తీయించడం మేలు. దిగక తప్పకపోతే ముందుగా గాలిపంపుతో చాలాసేపు గాలి ఆడించాలి, దిగే మనిషి నడుముకు తాడు కట్టాలి, పైన ఇద్దరు ముగ్గురు సిద్ధంగా ఉండాలి. డీజిల్ ఇంజనును బావిలోకి దించి నడపడం ఎన్నటికీ చేయరాదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

వదిలేసిన బోర్ల విషయంలో సుప్రీంకోర్టు 2010లో స్పష్టమైన మార్గదర్శకాలు ఇచ్చింది. వాడుకలో లేని బోరును అడుగు నుంచి నేల మట్టం వరకు మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలి. వాడుకలో ఉన్న బోరు గొట్టానికి గట్టి మూత బిగించాలి. పిల్లలు పడిపోయిన ఘటనల నేపథ్యంలో వచ్చిన ఈ ఆదేశాలు మేకపిల్లలకూ గొర్రెపిల్లలకూ రక్షణే.

బోరు ఎండిపోయిందని యజమాని చెప్పినా, దానిని పూడ్చే ముందు ఒకసారి కొలిచి చూడడం మంచిది. పంటకు చాలని బోరు మందకు చాలవచ్చు. ఎకరం నేల మీద ఒక్క మిల్లీమీటరు మందాన నీరు నిలపాలంటే 4,000 లీటర్లకు పైగా కావాలి. చిన్న మందకు అదే నీరు ఐదు రోజులు సరిపోతుంది. రైతుల లెక్కలో అరంగుళం నీళ్లు కూడా రావని వదిలేసిన బోరు నిమిషానికి 20 లీటర్లు ఇచ్చినా, గంటలో 1,200 లీటర్లు అందుతాయి.

కొలవడానికి 20 లీటర్ల బకెట్టు, గడియారం చాలు. మోటారు రెండు గంటలు ఆగకుండా నడిపిన తర్వాత బకెట్టు ఎన్ని సెకన్లలో నిండుతోందో చూడాలి. తొలి పది నిమిషాల ధార మోసం చేస్తుంది. గొట్టంలో నిలవ ఉన్న నీరు తోడడం పూర్తయ్యాకే అసలు ఊట తెలుస్తుంది. ఈ పరీక్ష ఏప్రిల్, మే నెలల్లో చేయాలి. వానాకాలం ముగిసిన వెంటనే చేస్తే వచ్చే లెక్క వేసవికి పనికిరాదు.

నీటి పరీక్ష: ఫ్లోరైడ్ నేర్పిన పాఠం

చూడడానికి తేటగా ఉన్నంత మాత్రాన నీరు మంచిదని చెప్పలేము. తెలుగు నేలకు ఇది అనుభవంతో తెలిసిన సంగతి. పాత హైదరాబాదు రాజ్యంలోని కొన్ని ప్రాంతాల్లో పశువులకు ఎముకలు, పళ్లు దెబ్బతినే జబ్బు ఉన్నట్లు 1934లో నమోదైంది. 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో షార్ట్ అనే వైద్యుడి బృందం మనుషుల్లోని ఈ జబ్బును ఫ్లోరోసిస్‌గా గుర్తించింది. ఆ తర్వాత నల్లగొండ, ప్రకాశం జిల్లాల పేర్లు ఈ సమస్యతో ముడిపడిపోయాయి.

ఫ్లోరైడ్ ఎక్కువైన నీరు ఏళ్ల తరబడి తాగిన పశువు పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు పడతాయి, పళ్లు త్వరగా అరిగిపోతాయి. కాళ్ల ఎముకల మీద బుడిపెలు వస్తాయి, నడక బిగుసుకుపోతుంది. నమలలేని పశువు మేత ముందున్నా చిక్కిపోతుంది. మనుషులు తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదన్నది భారత ప్రమాణం. పశువుల నీటిలో అది 2 మిల్లీగ్రాములలోపు ఉండాలన్నది సాధారణంగా పాటించే పరిమితి.

రెండో అంశం ఉప్పదనం. నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని టీడీఎస్ అంటారు. అది లీటరుకు 1,000 మిల్లీగ్రాములలోపు ఉంటే అన్ని పశువులకూ మంచిదే. 3,000 వరకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. 3,000 నుంచి 5,000 మధ్య ఉంటే అలవాటు లేని పశువులకు కొన్నాళ్లు పేడ పలుచబడవచ్చు. 5,000 నుంచి 7,000 వరకు ఉన్న నీటిని చూడి పశువులకూ పాలిచ్చేవాటికీ పెట్టకూడదు. 10,000 దాటితే ఆ నీరు ఏ పశువుకూ పనికిరాదు.

మూడోది నైట్రేట్. ఎరువులు ఎక్కువగా వాడిన పొలాల్లోనూ, పేడదిబ్బ పక్కనున్న బావుల్లోనూ ఇది పెరుగుతుంది. బావికీ పేడదిబ్బకూ మధ్య కనీసం 15 మీటర్ల దూరం ఉండాలన్న నియమం అందుకే. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలల్లో ఈ పరీక్షలు చేస్తారు. నీటి నమూనాను శుభ్రమైన సీసాలో, అదే నీటితో రెండు మూడుసార్లు తొలిచి పట్టి, ఆలస్యం చేయకుండా అందించాలి.

పూడిక తీసిన బావిని శుద్ధి చేయడానికి బ్లీచింగ్ పౌడర్ వాడతారు. మామూలు మోతాదు 1,000 లీటర్లకు 2.5 గ్రాములు. బావి వ్యాసం 4 మీటర్లు, నీటి లోతు 3 మీటర్లు అయితే అందులో సుమారు 37,700 లీటర్ల నీరు ఉంటుంది. దానికి దాదాపు 95 గ్రాముల పొడి కావాలి. బకెట్టు నీటిలో కలిపి, తెల్లని మడ్డి అడుగుకు చేరాక, పైతేటను మాత్రమే బావిలో కలపాలి. కనీసం గంటసేపు ఆగిన తర్వాతే ఆ నీటిని వాడాలి.

రోజుకు ఎన్ని లీటర్లు

పశువు తాగే నీరు దాని బరువు, మేత, ఎండ, పాల దిగుబడి మీద ఆధారపడుతుంది. పచ్చిమేత తినేటప్పుడు తక్కువ, వరిగడ్డి, చొప్ప తినేటప్పుడు ఎక్కువ. వేసవి అవసరాన్ని లెక్కలోకి తీసుకుంటే పాలిచ్చే గేదెకు 80 లీటర్లు, ఎద్దుకు లేదా వట్టిపోయిన ఆవుకు 45, దూడకు 20, గొర్రెకు 6 లీటర్లు అనుకోవచ్చు. ఇచ్చే ప్రతి లీటరు పాలకు అదనంగా మూడు, నాలుగు లీటర్ల నీరు కావాలి.

ఉదాహరణకు ఒక పొలంలో నాలుగు పాడి గేదెలు, రెండు ఎద్దులు, మూడు దూడలు, 30 గొర్రెలు ఉన్నాయనుకుందాం. గేదెలకు 320, ఎద్దులకు 90, దూడలకు 60, గొర్రెలకు 180, మొత్తం 650 లీటర్లు. ఆవిరయ్యేది, ఒలికేది, తొట్టి కడగడానికి అయ్యేది కలిపితే సుమారు 750 లీటర్లు. మోటారు కాలిపోతే బాగుచేయించి తేవడానికి రెండు మూడు రోజులు పడుతుంది. కాబట్టి 2,000 నుంచి 2,500 లీటర్ల నిలవ ఉండేలా ట్యాంకును ఎంచుకోవాలి.

ఎడారి అభివృద్ధి కార్యక్రమం పరిధిలోకి వచ్చిన ప్రాంతాల్లో గ్రామీణ నీటి సరఫరాకు ఒక ప్రత్యేక నిబంధన ఉండేది. మనిషికి రోజుకు 40 లీటర్లతో పాటు పశువుకు 30 లీటర్లు అదనంగా లెక్కవేసేవారు. అనంతపురం జిల్లా ఆ కార్యక్రమం కిందికి వచ్చినదే. 30 లీటర్లన్నది ప్రాణం నిలిపే లెక్క. పాడికి అది చాలదు.

నీటిని పైకి తేవడం

మందకు కావలసిన నీటికి పెద్ద మోటారు అక్కర్లేదు. 40 మీటర్ల లోతు నుంచి 1,000 లీటర్లు పైకి ఎత్తడానికి సిద్ధాంతరీత్యా 0.11 యూనిట్ల విద్యుత్తు చాలు. పంపులో, గొట్టంలో జరిగే నష్టాలన్నీ కలిపినా అర యూనిట్ దాటదు. పాత కనెక్షన్ తెగిపోయిన పొలంలో స్తంభాలు వేయించి కొత్తగా విద్యుత్తు తెప్పించడం కన్నా, చిన్న సౌర పంపు కొన్నిచోట్ల చవక అవుతుంది. ఎండ ఎక్కువైన రోజునే పశువు ఎక్కువగా తాగుతుంది, సౌర పంపు కూడా ఆ రోజునే ఎక్కువ నీరు తోడుతుంది.

2019లో కేంద్రం ప్రారంభించిన పీఎం కుసుమ్ పథకంలో సౌర పంపులకు రాయితీ ఉంది. పథకం రూపకల్పన ప్రకారం 7.5 హార్స్‌పవర్ వరకు ఉన్న పంపుల ఖర్చులో కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం భరించగా, మిగిలినది రైతు వాటా. అమలు తీరు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కనుక, పంపు కొనే ముందే స్థానిక అధికారులను సంప్రదించాలి.

కొత్త బోరు వేయడం చివరి ప్రత్యామ్నాయంగానే ఉండాలి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే వాల్టా కింద దానికి ముందస్తు అనుమతి అవసరం. భూగర్భజలాలు అతిగా తోడేసిన ప్రాంతాలుగా ప్రకటించిన గ్రామాల్లో ఆంక్షలు మరింత కఠినంగా ఉంటాయి.

ట్యాంకు, గొట్టాలు

ట్యాంకును తొట్టి కన్నా ఎత్తులో ఉంచితే నీరు దానంతట అదే పారుతుంది. 2,000 లీటర్ల ట్యాంకు నిండితే నీటి బరువే రెండు టన్నులు. పాత మోటారు గది కప్పు మీద దానిని ఎక్కించడం ప్రమాదకరం. రాతితో లేదా ఇటుకతో కట్టిన దిమ్మె, దాని మీద పగుళ్లు లేని సమతలమైన బండ ఉండాలి. ప్లాస్టిక్ ట్యాంకు అడుగు భాగమంతా బండకు ఆని ఉండకపోతే కొద్ది నెలల్లోనే చీలిపోతుంది.

గొట్టం లావును బట్టి ప్రవాహం చాలా మారుతుంది. ట్యాంకు, తొట్టి మట్టాల మధ్య ఒకటిన్నర మీటర్ల తేడా, 60 మీటర్ల దూరం ఉన్నప్పుడు 20 మిల్లీమీటర్ల గొట్టం నిమిషానికి ఇంచుమించు ఆరేడు లీటర్లు ఇస్తుంది. 32 మిల్లీమీటర్ల గొట్టం పాతిక లీటర్ల వరకు ఇవ్వగలదు. పెద్ద పశువు దాహంతో వస్తే నిమిషానికి పది లీటర్లకు పైగా తాగుతుంది. సన్న గొట్టం వేస్తే వెనక వచ్చిన పశువుకు తడి తొట్టే మిగులుతుంది.

గొట్టాన్ని కనీసం అర మీటరు లోతున పాతాలి. నేల మీద పరచిన నల్ల గొట్టంలో మే నెల మధ్యాహ్నం నీరు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. పైన ఉంటే ఉడుతలు, పందికొక్కులు కొరుకుతాయి, నాగలి తగులుతుంది. గొట్టం ఒకే వాలులో సాగాలి. మధ్యలో మిట్ట ఉంటే అక్కడ గాలి చేరి నీరు ఆగిపోతుంది. తొట్టి దగ్గర నేల పైకి వచ్చే భాగానికి మాత్రం ఇనుప గొట్టం వాడాలి. పశువులు ఒళ్లు రుద్దుకుంటే ప్లాస్టిక్ గొట్టం విరుగుతుంది.

తొట్టి కొలతలు

పై ఉదాహరణలోని మందకు 2 మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతు ఉన్న తొట్టి చాలు. అందులో 300 లీటర్లు పడతాయి. తొట్టి పెద్దదైతే నీరు నిలవ ఉండి పాచి పడుతుంది. చిన్నదై, వెంటవెంటనే నిండుతూ ఉంటే నీరు తాజాగా ఉంటుంది. ఈ పని బంతి వాల్వు చేస్తుంది. నీటి మట్టం తగ్గగానే తెరుచుకుని, నిండగానే మూసుకుంటుంది. ట్యాంకు నుంచి వచ్చే నీటికి ఒత్తిడి తక్కువ కాబట్టి, తక్కువ ఒత్తిడికి పనిచేసే వాల్వునే అడిగి తీసుకోవాలి. గేదె కొమ్ము తగలకుండా దానిపై బండ కప్పాలి.

పెద్ద పశువులకు తొట్టి అంచు నేల నుంచి 60 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో, గొర్రెలకూ దూడలకూ 30 నుంచి 40 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. అంటే రెండు తొట్లు అవసరం. ఒకే గొట్టం నుంచి రెండింటికీ నీరు ఇవ్వవచ్చు. తొట్టిని కంచె మూలలో కట్టకూడదు. మందలో బలమైన పశువు దారికి అడ్డంగా నిలిస్తే మిగతావి తాగలేవు. రెండు వైపులా చేరుకునే వీలుంటే బెదిరిన పశువు కూడా తన వంతు తాగుతుంది.

మేత స్థలానికి రెండు మూడు వందల మీటర్లలోపు నీరుంటే పశువులు ఒకటీ రెండుగా వచ్చి తాగి వెళతాయి. దూరమైతే మంద మొత్తం ఒక్కసారిగా వచ్చి పడుతుంది. అప్పుడు ఎంత పెద్ద తొట్టి అయినా చాలదు.

సిమెంటు తొట్టి కట్టిన వెంటనే పశువులకు నీరు పెట్టరాదు. వారం, పది రోజులు నీరు నింపి ఉంచి, మధ్యలో ఒకటి రెండుసార్లు పారబోయాలి. కొత్త సిమెంటు నుంచి క్షారం నీటిలోకి దిగుతుంది. తొట్టి అడుగున కనీసం 50 మిల్లీమీటర్ల తూము ఉంచితే కడగడం తేలిక. తూము సన్నగా ఉంటే నాచు అడ్డుపడి కడిగే పని వెనకబడుతుంది.

చుట్టూ ఉన్న నేల

తొట్టి చుట్టూ రెండు మూడు మీటర్ల మేర గరుకు కాంక్రీటు గాని, బండలు గాని పరచాలి. నున్నని బండల మీద పశువులు జారిపడతాయి. బురద ఉంటే గిట్టల మధ్య పుండ్లు పడి కుంటుతాయి, దోమలు పెరుగుతాయి. నిలవ నీటి నత్తల ద్వారా కార్జపు జలగలు వ్యాపిస్తాయి. ఒలికిన నీరు వాలుగా పారి పశుగ్రాసం మడిలోకో, నాలుగు అరటి మొక్కల పాదుల్లోకో చేరేలా కాలువ తీస్తే ఒక్క చుక్క కూడా వృథా కాదు.

తొట్టి పరిసరాల్లో విద్యుత్తు తీగ ఉండకూడదు. తేమ నేల మీద నాలుగు కాళ్లతో నిలిచిన పశువుకు మనిషి కన్నా తేలికగా షాకు తగులుతుంది. పశువులు తొట్టి దాకా వచ్చి, మూతి పెట్టి, ఉలిక్కిపడి వెనక్కు పోతుంటే నీటిలోకి స్వల్పంగా విద్యుత్తు వస్తోందేమోనని అనుమానించి, వెంటనే సరఫరా నిలిపివేసి ఎర్తింగ్ పరీక్షించాలి.

వాన నీరు, కుంట నీరు

అనంతపురం వంటి జిల్లాలో ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 100 చదరపు మీటర్ల రేకుల కొట్టం మీద పడే వానలో 80 శాతం పట్టుకున్నా 44,000 లీటర్లు. రోజుకు 750 లీటర్లు వాడే మందకు అది దాదాపు 58 రోజుల నీరు. తొలి వానలో కప్పు మీది దుమ్ము, పక్షుల రెట్ట కొట్టుకొస్తాయి కాబట్టి ఆ నీటిని బయటికి వదిలేయాలి.

పొలంలో కుంట ఉంటే పశువులను అందులోకి దింపకూడదు. అవి దిగితే గట్లు తెగుతాయి, పేడ, మూత్రం కలిసి నీరు చెడుతుంది. కుంటకు కంచె వేసి, గొట్టం ద్వారా నీటిని బయటి తొట్టికి తేవడం మంచి పద్ధతి. వేసవిలో కుంట మీద ఆకుపచ్చ రంగు పెయింటు ఒలికినట్లు తెట్టు కడితే ఆ నీరు పశువులకు విషమయ్యే ప్రమాదం ఉంది. గాలికి తెట్టు చేరిన ఒడ్డున తాగిన పశువు గంటల్లోనే చనిపోవచ్చు.

నిర్వహణ

రోజూ ఒకసారి తొట్టిలోని ఆకులు, చనిపోయిన పురుగులు తీసివేయాలి. వారానికొకసారి నీరంతా వదిలి, కొబ్బరి పీచుతోనో బ్రష్షుతోనో రుద్ది కడగాలి. పదిహేను రోజులకొకసారి లోపలి గోడలకు సున్నం వేసి, ఆరాక తిరిగి నింపాలి. సున్నం నాచును ఆపుతుంది. పాచికి మైలుతుత్తం వాడే అలవాటు కొన్నిచోట్ల ఉంది. గొర్రెలున్న పొలంలో అది తగదు. రాగిని తట్టుకునే శక్తి గొర్రెకు చాలా తక్కువ.

ట్యాంకు పక్కన గీతలు గీసి, ప్రతి సాయంత్రం నీటి మట్టాన్ని ఒక పుస్తకంలో రాసుకోవడం ఖర్చు లేని పర్యవేక్షణ. వాడకం హఠాత్తుగా పెరిగితే గొట్టం ఎక్కడో కారుతోందని, తగ్గితే వాల్వు మూసుకుపోయిందని లేదా పశువులకు జబ్బు చేసిందని తెలుస్తుంది.

పశువులను తోలే రోజు

కొత్త నీటి రుచికి పశువులు వెంటనే అలవాటు పడవు. మొదటి రెండు రోజులు దగ్గరుండి తొట్టి చూపించాలి. ఎండలో చాలా దూరం నడిచి దాహంతో వచ్చిన మందను ఒక్కసారిగా నీటి మీదికి వదలరాదు. నీడలో నిలిపి, కొద్దికొద్దిగా, విరామం ఇస్తూ తాగించాలి. దాహంతో ఉన్న దూడలు ఒకేసారి కడుపునిండా తాగితే రక్తకణాలు పగిలి మూత్రం ఎర్రగా రావచ్చు. అటువంటి లక్షణం కనిపిస్తే 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్య సేవలను పిలవాలి.

చట్టం దృష్టిలోనూ నీరు యజమాని దయ కాదు, బాధ్యత. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం, తన పశువుకు తగినంత మేత, నీరు, నీడ కల్పించకపోవడం నేరం.

చేతిలో ఉన్న డబ్బు అన్ని పనులకూ చాలనప్పుడు వాయిదా వేయదగినవి, వేయరానివి వేరు చేసుకోవాలి. సౌర పంపు, రెండో తొట్టి, వాననీటి నిలవ మరుసటి ఏడాదికి ఆగవచ్చు. బోరుకు మూత, బావికి గోడ, నీటి పరీక్ష, తీగల తొలగింపు ఆగరాదు. ఇవి పూర్తయ్యేంతవరకు ఊళ్లో ఉన్న పాత తొట్టి దగ్గరే మందకు నీరు పెట్టడం కొంత శ్రమే అయినా, పశువులకూ మనుషులకూ క్షేమం.